పీసు లెక్క

పీణ్యా రెండో స్టేజీ, ఆరో లైను.
కాలరు కుట్టేది నేను.
గంటకు అరవై పీసులు టార్గెట్టు.
గంట కొట్టినాక ఇన్‌చార్జి
బోర్డు మీద సుద్దముక్కతో రాసి
ఫిగరెంతో గట్టిగా చదువుతాడు.

గేటు బయట టీ బంకు కాడా ఇవే మాటలు.
పీసు. ఫిగరు. ఐటమ్.
వచ్చిన కొత్తలో నిజంగానే అనుకున్నా
చొక్కాల గురించి మాట్లాడుకుంటుండారని.
"ఆ మూడో పీసు బాగుంది రా" అంటే
ఎవరి చేతిలోనన్నా చొక్కా ఉందేమోనని
వెనక్కి తిరిగి చూసినా.
మూడోది నేనే.

అన్నం గిన్నె మూత తీస్తూ షమీమ్ నవ్వింది.
"నువ్వు నయం. నన్ను సెకండ్స్ అంటారు,
మొగుడు వదిలేసినప్పట్నుంచి."
సెకండ్స్ అంటే మాకు తెలీదా,
చంకలో ఒక్క కుట్టు తప్పి, ఓడెక్కడానికి పనికిరాక
శివాజీనగర్ రోడ్డు మీద కుప్పగా పోసేది.
దాని గుండీలు ఊడవు, రంగు పోదు.
కుట్టు తప్పిందెవరో చీటీ మీద ఉండదు.

ఇంట్లో మాటలేమన్నా తక్కువా.
మా నాయనకు కోపమొస్తే ముండ అనేదే మొదటి మాట.
అమ్మనన్నా, నన్నన్నా, పాలియ్యని బర్రెనన్నా
మూలన చేటలో రాళ్ళేరుతుండే మా అవ్వ
తల పైకెత్తేది,
తనను పిలిచినాడేమోనని.
పెండ్లాం చచ్చిపోయిన మొగోన్ని ఏమంటారు నాయనా అని
ఒకసారి అడిగినా.
చానాసేపు ఆలోచించి
"పాపం అంటారు" అన్నాడు.

నా పక్క మిషను శిరా పుట్టలక్ష్మిది.
నా కన్నడమంతా ఆమె పెట్టిన భిక్షే.
బస్సు బంతు. మళె బంతు. కరెంటు బంతు.
ఒకనాడు నేను ఆలస్యంగా పోతే
"అశ్వర్థమ్మ బందళు" అనింది.
మిషను ఆపి మళ్ళీ చెప్పమన్నా.
ఆ చివర ళు ఆడమనిషికంట.
బస్సుకు రాదంట, వానకు రాదంట.

మా పక్క
బస్సు వచ్చిండాది, పిల్లి వచ్చిండాది,
అశ్వర్థమ్మ వచ్చిండాది.
మొగోడొక్కడే వచ్చిండాడు.
డాక్టరమ్మయితే వచ్చిండారు, అది వేరే.
ముప్పై రెండేండ్లు నేనూ అట్లనే పలికినా.
నా బిడ్డను మొదటిసారి ఎత్తుకొని
"నవ్వుతుండాది చూడండి" అన్నా కదా,
అంతకంటే ముద్దుగా ఎప్పుడూ ఏ మాటా అనలే.

ఆ ళును వారం రోజులు
నాలిక కింద దాచిపెట్టుకొని తిరిగినా.

శనివారం ఇన్‌చార్జి
పుట్టలక్ష్మి మొఖాన కాలర్ల కట్ట విసిరేసి
ఒక మాట అన్నాడు.
కన్నడమే, అయినా నాకు ఎవురూ అర్థం చెప్పబల్లేదు.
మా నాయన మాటే.
హిందూపురం ప్యాసింజర్లో టికెట్టు లేకుండా
మా కంటే ముందే వచ్చి కూర్చున్నట్టుంది.

ఈసారి లైనంతా తల పైకెత్తినాం.
పుట్టలక్ష్మి మిషను ఆగింది. నాది ఆగింది.
కాజాల కాడ షమీమ్‌ది, ఇస్త్రీ బల్ల కాడ ముసలమ్మది.
ఫ్యాన్ల చప్పుడు ఇంత పెద్దదని
అప్పుడే తెలిసింది.

మేనేజరు రూము ముందు సెక్యూరిటీ తాత,
పలమనేరాయన, ఫోన్లో చెప్తుండాడు:
"సార్, ఆరో లైనోళ్ళు వచ్చిండారు."

వచ్చిండారు.
డాక్టరమ్మకు అన్నట్టే.
బస్సులు నూరొచ్చినా వచ్చిండాయి అనే అంటాం,
పిల్లులు వెయ్యొచ్చినా అంతే.
ఒక్కదాన్నయితే నేనూ వాటి జతే.
ఇంకొకరు పక్కన నిలబడితే చాలు,
మనుషుల లెక్కలోకి వస్తుండాం.
ఎవురు పెట్టినారో ఈ లెక్క.

బోర్డు మీద ఆ గంట ఫిగరు సున్న.
ఇన్‌చార్జి గోడ పక్క తిరిగి సారీ అన్నాడు.
సోమవారం నుంచి టార్గెట్టు అరవై ఐదు.

టీ బంకు కాడ ఎవుడో ఏదో లెక్కపెడుతుండాడు.
బస్సు వచ్చిండాది.
ముగ్గురం ఎక్కినాం.